పదకొండో కిటికీ

"నా బుర్ర ముందు ఏ నేరమూ దాక్కోలేదు. దాక్కున్నా తుమ్మి దొరికిపోతుంది!" అని ప్రకటించి ప్రేబెన్ హాలు తలుపుకు గడియ వేశాడు.

ఓవె నిట్టూర్చాడు. ఇరవయ్యేళ్ళుగా ఆయన ప్రేబెన్‌కు స్నేహితుడు. అంటే ఇరవయ్యేళ్ళుగా ప్రేబెన్ తరఫున ఊరందరికీ క్షమాపణలు చెప్పుకొస్తున్నాడు. ప్రేబెన్ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టికెట్ లేనివాణ్ణి ఒక్కణ్ణీ పట్టుకోలేదు. తనంటే హడలిపోయి జనం టికెట్లు కొనేవారని ఆయన నమ్మకం.

జట్లాండ్‌లోని ఆ చిన్న ఊళ్ళో నెలకో శనివారం చిన్న ప్లాస్టిక్ ఇటుకలు పేర్చి కట్టే బొమ్మలు సేకరించేవాళ్ళు ఈ హాల్లో చేరి పాత పెట్టెలు మార్చుకుంటారు. ఆరోజు బిర్టె తన ఫైర్ స్టేషన్ బొమ్మ ఇచ్చి, టోర్కిల్ దగ్గరున్న ఫెర్రీ పడవ పెట్టె తీసుకోవాలి. ఆ పడవ ఒకప్పుడు ఆమెదే. పెళ్ళయిన కొత్తలో భర్త కానుకగా ఇచ్చి, "సీలు విప్పావంటే విలువ పోయినట్టే" అని తనే బీరువాలో దాచాడు. ఆ తర్వాత మరో అరుదైన పెట్టె మీద మోజుపడి టోర్కిల్‌కి ఇచ్చేశాడు. ఇప్పుడు భర్త లేడు. నలభయ్యేళ్ళయినా ఆ పడవ ఇంకా నీళ్ళు కాదుకదా, గాలి కూడా చూడలేదు.

ఫైర్ స్టేషన్‌కి పదకొండు తెల్ల కిటికీలుండాలి. పొద్దున ఉన్నాయి. కాఫీలయ్యాక లెక్కపెడితే పది.

"పదకొండూ ఉంటేనే మార్పిడి," అన్నాడు టోర్కిల్ గడియారం చూసుకుంటూ. "నాలుగింటి రైలుకి నేను పోవాలి. మళ్ళీ ఈ ఊరు రాను."

బిర్టె పది కిటికీలనూ మళ్ళీ ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఇది కిటికీ కాదు, హత్య!" అన్నాడు ప్రేబెన్ భూతద్దం తీస్తూ. "శవం దొరకలేదు, అంతే. టోర్కిల్, నీ టై మీద ఆ దాల్చినచెక్క పొడి ఎక్కడిది?"

"కాఫీతో పెట్టిన దాల్చిన రొట్టెచుట్ట తిన్నాను, దానిది."

"చూశావా ఓవె, తడుముకోకుండా ఎలా చెప్పాడో! పాత నేరస్థుడే."

"నీ గడ్డానికీ ఉందయ్యా," అన్నాడు ఓవె.

"అది సాక్ష్యం సేకరిస్తుంటే అంటింది."

"ఒరే ప్రేబెన్, ఆ ఫైర్ స్టేషనూ, కిటికీ వచ్చేదీ నాకే," అన్నాడు టోర్కిల్. "నా సొమ్ము నేనెందుకు దొంగిలిస్తానురా?"

"అదే కదా! ఎవరికీ అనుమానం రాకూడదని."

తర్వాత ప్రేబెన్ చూపు హాలు కిటికీ పక్కన కుర్చీలో నిద్రపోతున్న ముసలి ఐనార్ మీద పడింది. చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకుని ఆయన హాయిగా గురక పెడుతున్నాడు. పక్కనే కిటికీ గట్టు మీద ఎండలో ఒక బీట్‌రూట్ ఊరగాయ సీసా ఉంది. అందులో బీట్‌రూట్ లేదు, తెల్లటి నీళ్ళున్నాయి.

"విషం!" అని కేక పెట్టి ప్రేబెన్ ముందుకురికాడు. తివాచీ కాలికి చుట్టుకుంది. అపరాధ పరిశోధకుడు ఒకవైపు, భూతద్దం మరోవైపు, సీసా ఐనార్ ఒళ్ళోకి. ఒలికిన నీళ్ళలోంచి చిన్న తెల్ల కిటికీ ఒకటి దొర్లుకుంటూ వచ్చి బిర్టె పాదాల దగ్గర ఆగింది.

ఐనార్ ఉలిక్కిపడి లేచి, మిషన్ తగిలించుకున్నాడు. "ఎవడయ్యా నా మందు ఒలకబోసింది?"

"నువ్వా ఐనార్, తీసింది?" అంది బిర్టె.

"ఆ కిటికీ ఒక్కటీ పాతబడి పసుపెక్కిందమ్మా. మూడు వారాలకి ఇవాళే ఎండ కాసింది. పెరాక్సైడు మందులో వేసి ఎండలో పెడితే తెల్లబడుతుంది కదా, నీ బేరానికి పనికొస్తుందని పెట్టాను."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పానే. 'సరే' అన్నారనుకున్నా. అప్పటికే మిషన్ తీసేశాను మరి."

"సరిగ్గా నేననుకున్న చోటే!" అన్నాడు ప్రేబెన్ నేల మీదనుంచే.

టోర్కిల్ కిటికీని వెలుగులో తిప్పి చూసి తలూపాడు. చేతులకు తొడుగులు వేసుకుని, పసిబిడ్డను అందించినట్టు ఫెర్రీ పెట్టెను బిర్టె చేతిలో పెట్టాడు.

ఆమె బల్ల ముందు కూర్చుంది. సీలు కిందికి గోరు దూర్చింది.

"బిర్టె! ఏం చేస్తున్నావ్?" అన్నాడు టోర్కిల్.

"పడవ కడుతున్నాను."

"విలువ..."

"మా ఆయనా అదే అనేవారు."

పర్రుమని చిరిగింది. టోర్కిల్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ప్రేబెన్ చటుక్కున లేచి నోటుబుక్కు తీశాడు. జీవితంలో మొదటిసారి నేరం తన కళ్ళముందే జరిగింది. ఎవర్ని పట్టుకోవాలో తెలియక పెన్సిలు కొరికాడు.

"ఖాళీగా ఉన్నావుగా ప్రేబెన్, ఎర్రముక్కలు ఏరిపెట్టు," అంది బిర్టె.

ఆయన బుద్ధిగా కూర్చుని ఏరాడు. ఓవె మళ్ళీ కాఫీ పెట్టాడు. పడవ అడుగు లేచింది, గోడలు లేచాయి. టోర్కిల్ కాసేపు గడియారం వంక చూశాడు, కాసేపు బల్ల వంక చూశాడు. చివరికి కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"అలా కాదమ్మా, ఆ పొగగొట్టం ఇటు తిప్పాలి."

నాలుగింటి రైలు ఆయన లేకుండానే వెళ్ళిపోయింది.