అట్టల చాటు యుద్ధం

శనివారం పొద్దున్నే కారులో బయల్దేరి మెల్‌బోర్న్ దగ్గరి కేరమ్ డౌన్స్ గుడికి తామిద్దరే వెళ్లాలని కనకరాజు, సత్యభామ సోమవారం కాఫీ దగ్గర తీర్మానించుకున్నారు. కాన్‌బెర్రాలోని హారిసన్ నుంచి మెల్‌బోర్న్ దాకా పగలంతా ప్రయాణం. ఈ వయసులో అంత డ్రైవింగ్ ఎందుకు, ఫ్లైట్ టికెట్లు తీస్తానని కొడుకు బాలమురళి అనకపోలేదు. కానీ రైల్వేలో గార్డుగా రిటైరైన కనకరాజు పచ్చజెండా ఊపాక ఆగే రకం కాదు.

బాలమురళి లైబ్రరీ నుంచి తెచ్చిన రెండు బొమ్మల నవలల్ని బల్ల మీద పెట్టాడు. చెవిలో ఆఫీసు మీటింగు నడుస్తుండగా, "లిఖిత మిమ్మల్ని చదవమంది" అని మేడెక్కేశాడు. లిఖిత బాలమురళి కూతురు. ఆ పొద్దునే స్కూలు క్యాంపుకి వెళ్లింది.

కనకరాజు ఉన్న ఇంట్లో అట్ట వేయని పుస్తకం ఉండటానికి వీల్లేదు. లైబ్రరీవాళ్లు ప్లాస్టిక్ తొడిగినా సరే, ఆయన బ్రౌన్ పేపరు తీసి రెంటికీ శ్రద్ధగా అట్టలు వేశాడు. పేరూ ఒకటే, లావూ ఒకటే కాబట్టి అవి ఒకే పుస్తకానికి రెండు కాపీలనుకున్నాడు. పేరు కింద చిన్న అంకెలున్నాయి గానీ కళ్లజోడు దేవుడి గదిలో ఉంది. ఒకటి తను తీసుకుని రెండోది భార్యకిచ్చాడు.

కథ చైనాలో వెనకటి బాక్సర్ తిరుగుబాటుది. పరాయిదేశాల పెత్తనం మీదా, వాళ్ల మతంలో కలిసిన సొంతవాళ్ల మీదా పల్లెజనం తిరగబడ్డ కాలం. అందులో రైలు వచ్చి బతుకుతెరువు పోయిన పడవవాడు ఒకడు, మిషను ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఒకతె. బుధవారం భోజనాల దగ్గర కనకరాజు ఆ పడవవాణ్ణి తలుచుకుని నిట్టూర్చాడు.

"ఆసుపత్రిని ఫిరంగులతో పేల్చింది తెల్ల సోల్జర్లు. నింద మాత్రం వాడి మీద పడింది."

"పేల్చడమేంటండీ? కాగడా విసిరిందే వాడు. లోపల రోగులున్నారని ఆ నర్సు కాళ్లు పట్టుకున్నా వినలేదు కదా."

నిద్రమత్తులో చదివుంటావన్నాడాయన. తమరే చదివారో లేదో అందావిడ. ఎవరి పుస్తకం వాళ్లు తెరిచి చూసుకున్నారు. ఎవరికి వాళ్లే కరెక్టు. అవతలివాళ్ల పుస్తకం చూడాల్సిన అవసరం ఇద్దరికీ కనపడలేదు.

"జీతం రైల్వేది, పెన్షన్ రైల్వేది, జై కొట్టేది మాత్రం పట్టాలు పీకేవాడికా?" అని సత్యభామ కంచం తీసేసింది.

ఆ మధ్యాహ్నం ఆవిడకి భయం పట్టుకుంది. నిన్న చదివింది ఇవాళ ఇంత తారుమారుగా చెప్తున్నాడంటే మనిషికి మతిమరుపు మొదలైనట్టే. కళ్లు తుడుచుకుని కొడుకు చెవిలో వేసింది. సాయంత్రం కనకరాజు కూడా గరాజ్‌లోకి కొడుకుని పిలిచి, అమ్మకి బుర్ర సరిగా పనిచెయ్యట్లేదు, బెంగగా ఉందిరా అన్నాడు. బాలమురళి రెండూ కలిపి లెక్క కట్టి, కారు తాళం జేబులో వేసుకుని, శుక్రవారం డాక్టర్ దగ్గర ఇద్దరికీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.

దాంతో యుద్ధం దిక్కు మారింది. "నా బండి, నా లైసెన్సు. తాళం ఇవ్వకపోతే బస్సెక్కి పోతాం," అన్నాడు కనకరాజు. సత్యభామ ఆయన పక్కన నిలబడి, పులిహోరకి చింతపండు నానేసింది. ప్రయాణం మానేది లేదని దానర్థం.

శుక్రవారం క్యాంపు నుంచి దిగిన లిఖితని కూడా ఎక్కించుకుని బాలమురళి అందరినీ క్లినిక్‌కి తీసుకెళ్లాడు. డాక్టర్ చెన్ నెమ్మదస్తురాలు. ఈమధ్య చదివిన కథేదైనా చెప్పమంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఫిరంగికీ కాగడాకీ మధ్య ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నాకు పరీక్షలెందుకమ్మా? పుస్తకమే చెప్తుంది," అని సత్యభామ సంచిలోంచి తనది తీసి, తెరిచి బల్ల మీద పెట్టింది. కనకరాజు తనది దాని పక్కన పరిచాడు. ఒకదాంట్లో ఫిరంగి, ఒకదాంట్లో కాగడా. డాక్టర్ అట్టలు విప్పితే పేర్ల కింద ఒకటి, రెండు అని అంకెలు బయటపడ్డాయి. పక్కపక్కన పెడితే ముఖచిత్రాల మీది రెండు సగం ముఖాలు కలిసి ఒకే ముఖమైంది.

ఇద్దరి జ్ఞాపకశక్తీ భేషుగ్గా ఉందనీ, చైనా నుంచి వచ్చిన తమ ఇంట్లోనూ తాతల కాలం నుంచి సగంమందిది మొదటి పుస్తకం, సగంమందిది రెండోదనీ ఆవిడ నవ్వింది.

"డాడ్, ఐ టోల్డ్ యూ," అంది లిఖిత. "టూ సైడ్స్. చెరొకటి చదివి, స్వాప్ చేసుకోవాలి. రెండుసార్లు చెప్పా."

బాలమురళికి ఎప్పుడు చెప్పిందో గుర్తురాలేదు.

కనకరాజు చెయ్యి చాచాడు. "తాళం ఇటియ్యి. డాక్టరమ్మా, ఆ పరీక్షేదో ముందు మా వాడికి పెట్టండి."

శనివారం కనకరాజు కారు నడిపాడు, సత్యభామ పక్కన కూర్చుంది, కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. ముందురోజే పట్టుబట్టి ఒకరి పుస్తకం ఒకరు పూర్తిచేశారు. దారిలో గండగై దగ్గర ఆగి పులిహోర తింటూ, పాపం ఆ నర్సు అన్నాడు కనకరాజు. పడవవాణ్ణి అనండి పాపం అని అంది సత్యభామ.

పక్షాలు మార్చుకున్న యుద్ధం ఆల్బరీ దాకా సాగింది.