మన యాసలో వాక్యం మాకొద్దు!

బైబిలు అర్థం కాకూడదు! అవునండీ, అర్థం కాకపోవడమే ఆశీర్వాదం. నమ్మరా? అయితే ఎల్లారెడ్డి దగ్గర ఓ చిన్న చర్చిలో మొన్న కోతల పండుగ నాడు ఏమైందో వినండి.

ఆ సంఘానికి పెద్ద పురుషోత్తం. ఎంత నిశ్చింతైన మనిషి! పాత అనువాదంలో ప్రతి వాక్యం ‘ము’తో ముగుస్తుంటే, కళ్లు మూసుకుని ‘ఆమెన్’ అనేవాడు. బోరు నీళ్ల పంచాయితీలో తమ్ముడు భూపాల్‌తో మాటలు మానేసి ఏళ్లు గడిచాయి. ఆ వాక్యాల్లో ఒక్కటైనా ఆయన్ని గిల్లిందా? లేదే!

ఇంతలో ఆయన కూతురు అరుణజ్యోతికి ఐడియా వచ్చింది. కామారెడ్డిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సువార్తను మన యాసలోకి మార్చేసింది. పండుగ రోజే ట్రయల్. సంఘం సరే అంటేనే ప్రింటు!

బల్ల ముందు కానుకలు పెట్టే వేళయింది. జనం చేతుల్లో మక్కకంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. పాస్టర్ అబ్రాహాము మైకులో చదివాడు:

“కానుక తెచ్చినంక, నీ తమ్మునికి నీ మీద మనసుల ఏమన్న ఉన్నదని యాదికొస్తే, కానుక ఆడనే పెట్టు. ముందుగాల పోయి ఆయనతోని కలువు. ఎన్కకొచ్చి కానుకియ్యి.”

ఒక్క ఆమెన్ లేదు! డేంజర్ మొదలైంది!

కమలవ్వ లేచింది. “నా కోడిని జర చూస్తుండుండ్రి. మా యారాలు ఇంటికి పోయొస్త.” తోడికోడలితో ఆమెకూ మాటల్లేవు మరి!

“గిప్పుడు యాదికొచ్చిందా అవ్వా?” అన్నారెవరో.

“మల్ల? గిప్పుడే గదా సమజయింది!”

ఆమె వెనకే ఇంకొకరు, ఆ వెనకే ఇంకో ఇద్దరు. చూస్తుండగానే చాపలన్నీ ఖాళీ! కోళ్లు మాత్రం భక్తిగా కూర్చున్నాయి. ఇక ప్రసంగం ఎవరికి చెప్పాలండీ? కోళ్లకా?

పురుషోత్తం మాత్రం గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని కదల్లేదు. కిటికీలోంచి భూపాల్ ఇల్లు కనబడుతుంటే, అటు వీపు తిప్పాడు.

“పురుషోత్తమన్నా, నువ్వు పోవా?” అడిగాడు పాస్టర్.

“ఏడికి? నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. దేవుని మాట గిట్లుంటదా? సంతల మాట్లాడినట్టున్నది. ప్రింటు గింటు ఏం వద్దు!”

అరుణజ్యోతి పెన్ను తీసింది. “ఏ మాట సమజ్ కాలే బాపు? చెప్పు, మారుస్త.”

ఆయన కాగితం అందుకున్నాడు. పైకీ కిందికీ చూశాడు. చివరికి ఒకచోట వేలు పెట్టాడు.

“గీ ‘ముందుగాల’ ఒక్కటి తీసెయ్యి బిడ్డా. కానుకిచ్చినంక నిమ్మళంగ ఎప్పుడన్న పోత.”

“అది నేను రాసింది కాదు బాపు. పాత బుక్కుల గూడ గదే ఉన్నది.”

పురుషోత్తం గుమ్మడికాయ కింద పెట్టాడు. గొణుక్కుంటూనే లేచాడు. గుమ్మంలో చెప్పులు వేసుకున్నాడు.

చూశారా ఘోరం! బంగారం లాంటి పండుగ పూట, పెద్దమనిషిని మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపించింది మన యాస! పాతదే చదివుంటే, తమ్ముడి ముఖం చూడకుండానే నేరుగా పరలోకానికి వెళ్లిపోయేవాడు కదా, పాపం!