పరుగు తగ్గించినట్టు ధ్రువపత్రం

పరుగెత్తడం మనిషికి పుట్టుకతో వచ్చిన బలహీనత కనుక, దాన్ని ఒక పద్ధతిలో పెట్టడమే నాగరికతకు తొలిమెట్టని పరుగుల నియంత్రణ మండలి తన నియమావళి మొదటి పేజీలోనే తేల్చి చెప్పింది. (నియమావళి మొత్తం నాలుగు వందల పేజీలు. మిగతా పేజీల్లో పరుగు ఊసు లేదు.)

అది చదివి లిఫ్టు మెకానిక్కు నవ్వలేదు. యాభయ్యో ఏడు నిండేలోగా మారథాన్ పూర్తిచేసి తీరాలని పంతం పట్టినవాడికి నవ్వే తీరిక ఎక్కడిది? కిందటేడు ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేసి నడిరోడ్డు మీద చతికిలబడ్డాడు. అప్పట్నుంచీ బావమరిది నలుగురు కనబడితే చాలు, "మా బావ మారథాన్ పూర్తిచేశాడండోయ్! ముప్పై అయిదు తన కాళ్ల మీద, మిగతా ఏడూ నా స్కూటర్ మీద" అని పరిచయం చేస్తున్నాడు. మెకానిక్కు అందరితో పాటు నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సహించేది కాదు.

ఈసారి అన్నీ శాస్త్రప్రకారం చేశాడు. అసలు పందేనికి ముందు ఒంటికి పదును పెట్టే చిన్న పందేలు రెండు పరుగెత్తాలని నియమం. పది కిలోమీటర్లది అయింది. ఇరవై ఒక్క కిలోమీటర్లది గంటా యాభై రెండు నిమిషాల్లో ముగించేసరికి సంజాయిషీ నోటీసు వచ్చింది: సన్నాహక పందెంలో ఇంత ఉత్సాహం దేనికి? "వెనక కుక్క పడింది" అని రాసిచ్చాడు. కుక్క సంతకం లేకపోయినా మండలి పెద్దమనసు చేసుకుని వదిలేసింది.

ఇక మిగిలింది చివరి మూడు వారాలు. కాళ్లు తేరుకోవాలంటే ఆ మూడు వారాలూ పరుగు తగ్గించుకుంటూ రావాలని ఏ కోచ్‌నడిగినా చెబుతాడు. తగ్గించినట్టు ధ్రువపత్రం కూడా తేవాలంటుంది మండలి. అది లేకపోతే చొక్కాకి నంబరు ఇవ్వరు. ఇందుకోసం 'విశ్రాంతి మిత్ర' అనే యాప్ ఫోన్లో వేసుకోవాలి. ఫోన్ ఎంత కదిలితే మనిషి అంత పరుగెత్తినట్టు. మూడు వారాలకీ కలిపి నలభై కిలోమీటర్లు దాటకూడదు.

దరఖాస్తు మాత్రం స్వయంగా వెళ్లి ఇవ్వాలి. ఇచ్చే చోటు ఏడో అంతస్తు. లిఫ్టు చెడిపోయింది. మెకానిక్కు తలుపుకి చెవి ఆనించి విన్నాడు. లాక్ దగ్గర కాంటాక్టు పట్టడం లేదు, అయిదు నిమిషాల పని. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడో లేదో, గార్డు పరుగున వచ్చాడు.

"ఆగండన్నా! మీరు తగ్గింపులో ఉన్నారు కదా? స్క్రూ తిప్పారంటే శ్రమ కింద రాయాల్సొస్తుంది."

"మరి మెట్లెక్కితే?"

"మెట్లు ఆఫీసు పనన్నా. దానికి నా పుస్తకంలో గడి లేదు."

ఏడో అంతస్తులో గుమస్తా, ముందు రెండు వీధుల అవతలున్న కార్యాలయంలో ముద్ర వేయించుకు రమ్మన్నాడు. అక్కడివాళ్లు, ముందు ఏడో అంతస్తులో సంతకం పెట్టించుకు రమ్మన్నారు. విశ్రాంతి తీసుకుంటున్నట్టు రుజువు చేసుకునే పనిలో వారం తిరిగేసరికి పంతొమ్మిది కిలోమీటర్లు అయ్యాయి. 'మీరు బాగా పరుగెత్తుతున్నారు. దయచేసి మానండి' అని ఫోన్ హెచ్చరించింది.

"ఆ ఫోను ఇంట్లో పడేసి వెళ్లండి. నా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను, ఎలా కదులుతుందో చూస్తా" అంది భార్య. ఇల్లాలి తెలివికి మెకానిక్కు మురిసిపోయాడు. ఆవిడ అన్నట్టే ఫోన్ ఒళ్లో పెట్టుకుని కుట్టుమిషను ముందు కూర్చుంది. బడులు తెరిచే రోజులు. రెండు వందల జతల యూనిఫారాలు కుట్టాలి. మిషను కాలితో తొక్కేది. వారంలో ఇరవై నాలుగు కిలోమీటర్లు తొక్కింది.

తగ్గింపు అధికారి విచారణకు పిలిచారు. (పదకొండేళ్లుగా కుర్చీలోంచి లేవని నిష్ఠాపరుడాయన.)

"మొత్తం నలభై మూడు. అందులో ఇరవై నాలుగు ఒకే గదిలో! మంచం చుట్టూ పరుగెత్తారా?"

"మా ఆవిడ మిషను తొక్కిందండీ."

"ఆవిడ తగ్గింపు దరఖాస్తు ఏదీ?"

మెకానిక్కు కాళ్లావేళ్లా పడ్డాడు. "ఏడాదిగా తలెత్తుకోలేకపోతున్నాను సార్. ఈ ఒక్కసారి పరుగెత్తనివ్వండి."

అధికారికి జాలేసింది. "చూడండి, మారథాన్ అంటే నలభై రెండు చిల్లర. మీరు నలభై మూడు చేశారు. అంటే పూర్తయిపోయినట్టే. ఇక బాధెందుకు?" అని సొరుగులోంచి పతకం తీసి మెడలో వేశారు. సమయం పద్నాలుగు రోజుల ఆరు గంటలని రాసుకున్నారు. ఒకే మారథాన్ రెండుసార్లు పరుగెత్తకూడదు కాబట్టి జాబితాలో పేరు కొట్టేశారు. పతకంతో మెట్లు దిగుతూ మెకానిక్కు వెక్కివెక్కి ఏడ్చాడు.

పందెం రోజున తాడుకి ఇవతల నిలబడ్డాడు. తాడుకి అవతల నంబర్లు వచ్చినవాళ్లున్నారు. మూడు వారాల్లో అడుగు తీసి అడుగు వేయని మచ్చలేని మనుషులు, సగం మంది మండలి ఉద్యోగులే.

"గుడ్లప్పగించి చూస్తారేం? ఫుట్‌పాత్ వాళ్ల తాతగారిదేం కాదు. పరుగెత్తండి!" అంది భార్య.

పరుగెత్తాడు. అలవాటు కొద్దీ ఫోన్ జేబులోనే ఉంది. ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర పిక్కలు మళ్లీ మొరాయించాయి. పక్కనే స్కూటర్ ఆగింది. "ఎక్కండి బావా, మనకి అలవాటేగా" అన్నాడు బావమరిది. మెకానిక్కు అటు తిరిగి కూడా చూడలేదు. కుంటాడు, పళ్లు బిగించాడు, మళ్లీ పరుగందుకున్నాడు. చివర్లో భార్యా, పక్కింటావిడా కొలతల టేపు అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. నాలుగు గంటల పంతొమ్మిది నిమిషాలకు దాన్ని గుండెతో తోసుకుంటూ వెళ్లాడు. పెళ్లినాడు కూడా ఇంత సంతోషపడలేదని భార్యతోనే అనేసి, తర్వాత నాలుక కరుచుకున్నాడు.

వారం తిరక్కుండా మండలి నుంచి ఉత్తరం వచ్చింది. మారథాన్ ముగించినవారు ఇరవై ఒక్క రోజులు పూర్తి విశ్రాంతిలో ఉండాలనీ, తమరు ఆరో రోజునే నలభై రెండు కిలోమీటర్లు ఆగకుండా వెళ్లినట్టు ఫోన్ తెలియజేసిందనీ, కావున మారథాన్ పూర్తిచేసినందుకు ఇచ్చిన పతకాన్ని రద్దు చేయడమైనదనీ అందులో ఉంది. కింద, కారణం అన్న గడిలో ఒకే ముక్క రాశారు: 'పరుగెత్తినందుకు.'