వడ్లల్ల మునిగిండట!

ఆ రోజు పది గంటలకల్లా ఇల్లు చేరాలని సుదర్శన్ గట్టిగా అనుకున్నాడు. కూతురు అక్షర మొక్కు చెల్లించడానికి ఇంటిల్లిపాదీ పాలకుర్తి గుట్ట మీది గుడికి పోవాలి. భార్య శోభారాణి పొద్దున్నే పులిహోర కలుపుతూ, "ఇయ్యాల గూడ లేటైతే ఆ మిల్లులనే పండు, ఇంటికి రాకు" అని చెప్పి మరీ పంపింది.

పరకాల రోడ్డు మీది రైస్ మిల్లులో సుదర్శన్ ఫోర్‌మన్. భయం తెలిసినవాడే. బాయిలర్ పక్కనుంచి పోవాలంటే ఊపిరి బిగబట్టేవాడు. కాళ్ళకు చెప్పుల్లేకుండా కరెంటు బోర్డు దగ్గరికి ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. వడ్లంటే మాత్రం అతనికి లెక్కలేదు. చిన్నప్పుడు కల్లంలో వడ్ల కుప్పల మీద పొర్లి పెరిగినవాడు మరి.

ఆ పొద్దు రెండంతస్తుల ఎత్తున్న ఇనుప బిన్ను నిండా వడ్లున్నా, కింద బెల్టు మీదకు గింజ రాలడం లేదు. పైన తడి వడ్లు గడ్డకట్టి పెంకులా నిలిచిపోయాయి. ఆ గడ్డను పొడిచి విరగ్గొట్టడానికి సుదర్శన్ గడ పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. వెనకాలే ముసలి హమాలీ కట్టయ్య వచ్చాడు.

"బెల్టు బంద్ చేపిచ్చి, నడుముకు మోకు కట్టుకోని దిగు తమ్మీ."

"వడ్లల్ల దిగుతానికి మోకెందుకు కాకా? అదేమన్న బాయా?" అని నవ్వి సుదర్శన్ లోపలికి దిగాడు.

రెండు పోట్లకు ఏమీ కాలేదు. మూడో పోటుకు కాళ్ళ కింద గడ్డ దబ్బున విరిగింది. మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. కాలు లేపబోతే కాలు రాలేదు. కింద బెల్టు వడ్లను లాగుతోంది, వడ్లు అతన్ని లాగుతున్నాయి. తొడలు పోయాయి, నడుము పోయింది.

"కాకా! బంద్ చెయ్యమను!"

కట్టయ్య బిన్ను అంచు మీదినుంచి వంగి, కింద బెల్టు స్విచ్ దగ్గర పనిచేసే నిర్మలకు రెండు చేతులూ ఊపాడు. మిషన్ మోతలో మాట వినబడదు. అప్పుడే ధార కట్టి పడుతున్న వడ్లను చూసి నిర్మల, ముసలాయన సంబురంతో ఊపుతున్నాడనుకుంది. తనూ చెయ్యి ఊపి, "మంచిగ వస్తున్నయి కాకా!" అని అరిచి, బిన్ను కింది తలుపు ఇంకాస్త తెరిచింది.

కట్టయ్యకు ఏం చెయ్యాలో తోచక కాలి చెప్పు తీసి విసిరాడు. అది పోయి ఆమె భుజానికి తగిలింది. నిర్మలకు మండిపోయింది. ఆ మోతలో తన తిట్లు ఆయనకు వినబడవని, ముందు స్విచ్ ఆపింది.

సుదర్శన్ ప్రాణం ఆ కోపంతో నిలిచింది. అప్పటికి వడ్లు అతని చంకల దాకా వచ్చాయి.

చప్పుడంతా ఆగింది. అప్పుడు తెలిసింది అతనికి, వడ్లంటే ఏమిటో. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఛాతీ చుట్టూ రవ్వంత సందు ఏర్పడేది. గింజలు సరసరమంటూ వచ్చి ఆ సందు నింపేసేవి. మళ్ళీ పీల్చబోతే ఛాతీకి అంత చోటు ఉండేది కాదు. ఒక్కో గింజా గోరంత లేదు. అన్నీ కలిసి, క్వింటాల్ బస్తా అవలీలగా ఎత్తే మనిషిని కాలివేలు కూడా కదపనివ్వకుండా పట్టుకున్నాయి. ఇన్నేళ్ళు ఇంత బలం పక్కన తిరిగానా అని అతను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

నలుగురు చేరి చంకల కింద మోకు వేసి లాగారు.

"ఆపుండ్రి! చేతులస్తయి గని కాళ్ళు రావు!" అన్నాడు సుదర్శన్.

ఒకరు ఫైర్‌స్టేషన్‌కు ఫోన్ చేశారు. నిర్మల ఏడుస్తూ శోభారాణికి చేసింది. "వదినా, అన్న మునిగిండు, జల్ది రా" అనేసరికి ఫోన్ కట్టయింది.

మునిగిండంటే మిల్లు దగ్గరి చెరువులోనే అనుకుంది శోభారాణి. ఆమె తమ్ముడు శశాంక్ గాలి నింపిన లారీ ట్యూబు భుజాన వేసుకుని, ఈతగాళ్ళను వెంటేసుకుని, దొరికిన ఆటోలో అక్కతో సహా వచ్చి మిల్లులో దిగాడు.

"నీళ్ళెక్కడున్నయి?"

"నీళ్ళు లేవు."

"మరి బావ ఎట్ల మునిగిండు?"

"వడ్లల్ల."

శశాంక్ ట్యూబును, బిన్నును మార్చి మార్చి చూశాడు. ఆ ట్యూబుతో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

శోభారాణి నిచ్చెనెక్కి చూసింది. బంగారు రంగు వడ్ల మీద మొగుడి తల, రెండు చేతులు. అంతే. "వడ్లే గదా, నేను గుంజుత" అని అంచు మీద కాలు వేసింది.

"రాకు." గొంతులో బలం లేదు, అయినా అందరికీ వినిపించింది. "నీకు దండం పెడుత. ఒక్క అడుగు గూడ ఎయ్యకు."

పెళ్ళయ్యాక మొగుడు తనకు దండం పెడతాననడం ఆమె వినడం అదే మొదటిసారి. కాలు వెనక్కి తీసుకుంది.

ఫైరింజన్ వాళ్ళు లాగలేదు. వడ్ల మీద పలకలు పరిచి, వాటి మీద పాకుతూ వచ్చి, అతని చుట్టూ ఇనుప రేకులు దిగ్గొట్టి పెట్టెలా చేశారు. లోపలి వడ్లను డబ్బాలతో తోడారు. బయటివి రేకుల మీదికి ఒరిగి కిర్రుమంటుంటే అందరూ గుడ్లప్పగించి చూశారు. ఎంతోసేపటికి నడుము కనబడింది, తర్వాత మోకాళ్ళు. పైకి తీశాక సుదర్శన్ చొక్కా జేబులోంచి పిడికెడు వడ్లు రాలాయి. వాటిని తొక్కకుండా పక్కకు జరిగాడు.

ఒకసారి దవాఖానలో చూపించుకొమ్మని ఫైర్ ఆఫీసర్ గట్టిగా చెప్పాడు. అంబులెన్స్ ఎందుకు, ఆటో ఉంది కదా అని అందరూ అందులోనే ఎక్కారు. సుదర్శన్, శోభారాణి, శశాంక్, ఈతగాళ్ళు, కట్టయ్య, నిర్మల, పైన ట్యూబు. చోటు చాలక సుదర్శన్‌ను డ్రైవర్ పక్కన, ఒక కాలు బయటికి వేలాడేసి కూర్చోబెట్టారు.

"గింత గింజ మనిషిని మింగుడేందక్కా! మనకు సోయే ఉండదు, మన పక్కపొంటే ఉంటది గండం" అన్నాడు శశాంక్. అందరూ నిజమేనని తలలూపారు.

ఆ కథ ఒక్క ముక్క కూడా పోకుండా వినాలని, డ్రైవర్ హనుమకొండ దాకా వెనక్కి తిరిగే బండి నడిపాడు.