ఏడో తరగతి నీటి చక్రం

మా ఆయన చంద్రరావుగారికి వస్తువుల మీదున్న దయ మనుషుల మీద లేదు. కొత్త సోఫాకి ప్లాస్టిక్ కవరు తీయనివ్వరు. వచ్చిన చుట్టాలు కూర్చున్నట్టే కూర్చుని జారిపోతుంటారు. అలాంటి మనిషి ధవళేశ్వరం దగ్గర హైస్కూలుకి హెడ్మాస్టరు. ఆ స్కూలుకి ప్రభుత్వం వీడియో కెమెరా పంపింది.

"ఇకమీదట పాఠాలు పిల్లలే వీడియో తీస్తారు. ప్రపంచం చూస్తుంది!" అని మంత్రిగారు రాజమండ్రి సభలో ప్రకటించారు. మా ఆయన కెమెరాకి బొట్టుపెట్టి బీరువాలో దాచి తాళం వేశారు.

"పిల్లలు తీయాలట కదండీ?"

"తీస్తే పాడైపోదూ?"

మొదటి వీడియో మంత్రిగారే వచ్చి చూస్తారని కబురొచ్చింది. పాఠం, నీటి చక్రం. మా ఆయన పెళ్లి వీడియోల సురేష్‌బాబుని పిలిపించారు.

"మబ్బు వచ్చేచోట గులాబీ రేకులు రాలుస్తానండి. మధ్యలో లవ్ గుర్తులో మంత్రిగారండి" అన్నాడతను. ఈలోగా శ్రావణ ముహూర్తాలు మొదలయ్యాయి. "ఆయ్, నీళ్లు ఎప్పుడైనా ఆవిరవుతాయండి, ముహూర్తం ఆగదండి" అని రావులపాలెం పెళ్లికి వెళ్లిపోయాడు.

గతిలేక కెమెరా ఏడో తరగతి హారతి చేతికొచ్చింది.

"అది కిందపడితే నేను పడ్డట్టేనమ్మా!" అన్నారు మా ఆయన.

"మీరు అడ్డు రాకపోతే పడదండి మాస్టారూ."

ఆ పిల్ల మా ఇంటికొచ్చి మెల్లిగా అడిగింది: "అమ్మగారండీ, మా క్లాసు కురుస్తోందండి. కూర్చోడానికే లేదు. మంత్రిగారు చూస్తే బాగుచేయిస్తారాండి?"

"ఏది కనబడితే అది తియ్యమ్మా" అన్నాను. ఈ ముక్క మా ఆయనకి చెప్పలేదు. టేపు అరిగిపోతుందని ఆయనా ముందుగా వేసి చూడలేదు.

మంత్రిగారొచ్చిన రోజు స్కూలు సభలో టీవీ పెట్టారు. హారతి గొంతు వినిపించింది.

"ఎండకి గోదారి నీరు ఆవిరవుతుంది." మంత్రిగారు చప్పట్లు కొట్టారు.

"ఆవిరి మబ్బవుతుంది." మళ్లీ చప్పట్లు.

"మబ్బు వానై మా క్లాసు శ్లాబు మీద పడుతుంది. శ్లాబులోంచి లెక్కల మాస్టారి గొడుగు మీద, గొడుగు మీంచి బకెట్లో పడుతుంది. బకెట్ మేం కాలవలో పారబోస్తాం. కాలవ సముద్రంలో కలుస్తుంది. మళ్లీ ఎండ."

తెరమీద గోడకున్న పాలరాతి పలక కనబడింది. కిందటేడు ఆ గదిని ప్రారంభించిన ఈ మంత్రిగారి పేరు మీంచే నీళ్లు ధారగా కారుతున్నాయి.

చప్పట్లు ఆగాయి. మా ఆయన కళ్లు మూసుకున్నారు. మంత్రిగారు లేచి మైకు అందుకున్నారు. కండువాతో కళ్లు ఒత్తుకున్నారు.

"ఒప్పుకుంటున్నాను. తప్పు నాదే."

హారతి ముందుకు జరిగి కూర్చుంది.

"పసిపిల్లల చేతికి కెమెరా ఇచ్చాను."