మంత్రిగారు తెరవాల్సిన పెట్టె

ఆకాశంలో తప్పులు జరగడం లేదని, ఇకమీదట భూమి లోపల కూడా జరగబోవని, ఒకవేళ జరిగినా వాటిని తనంతట తాను చెప్పుకున్న కార్మికుణ్ణి బొగ్గు గనుల కంపెనీ కన్నబిడ్డలా చూసుకుంటుందని, రెండువేల ఏడు ఏప్రిల్‌లో ఏరియా జనరల్ మేనేజరు గారు ప్రకటించారు. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో విమానయాన భద్రత మీద మూడు రోజుల సెమినార్ జరిగితే వారు హాజరయ్యారు. అక్కడి ఏసీకి జలుబు పట్టినా లెక్కచేయక, నాలుగో రోజు పొద్దున్నే గోదావరిఖనిలో దిగి, ముక్కు తుడుచుకుంటూనే మీటింగు పెట్టారు.

"విమానాలు ఎందుకు పడిపోవడం లేదు?" అని అడిగారు. జవాబూ వారే చెప్పారు. "పైలట్ తప్పు చేస్తే దాచడు. రాసిస్తాడు. రాసిచ్చినవాడికి శిక్ష లేదు. అందుకని!"

శిక్ష లేదన్న మాట దగ్గర చప్పట్లు మోగాయి. అందరికంటే ఆఖరున ఆపినవాడు కొమురెల్లి.

కొమురెల్లి సివిల్ డిపార్ట్‌మెంటులో జనరల్ మజ్దూరు. యాభై రెండేళ్లు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి పంపు వాల్వు కట్టేయడం మరిచిపోయి, అడగకముందే పోయి చెప్పి, పదిహేను రోజులు సస్పెండయ్యాడు. చెప్పనివాళ్లు ప్రమోషన్లు తీసుకుని రిటైరయ్యారు. ఇన్నేళ్లకు ఒక పెద్దమనిషి నిలబడి, చెప్పినవాడే మంచోడు అంటే, కొమురెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వారం తిరక్కుండా పెట్టె తయారైంది. టేకు చెక్క, ఇత్తడి తాళం, పైన అద్దం. "నా తప్పు - నా మాట" అని బంగారు రంగు అక్షరాలు. తప్పు రాసి పెట్టెలో వేసే ఫారం మీద పేరు రాయాలి, కానీ ఆ పేరు ఎవరికీ తెలియకూడదు. ఇది ఎలా సాధ్యమని ఒక యూనియన్ నాయకుడు అడిగితే, విమానాల్లో సాధ్యమైందని సేఫ్టీ ఆఫీసరు లింగమూర్తి సమాధానమిచ్చాడు.

పెట్టెను మంత్రిగారు స్వహస్తాలతో తెరిచి పథకాన్ని ప్రారంభిస్తారని నిర్ణయమైంది. విమానయానం నుంచి వచ్చిన పథకాన్ని కారులో వచ్చి ప్రారంభిస్తే దాని స్ఫూర్తి దెబ్బతింటుంది కనుక మంత్రిగారు హెలికాప్టర్లో రావడానికి పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

కంపెనీ గ్రౌండులో హెలిప్యాడ్ వేసే పని కొమురెల్లికి పడింది. లింగమూర్తి ఇచ్చిన నక్షా చూసి, ముందురోజు పొద్దంతా వంచిన తల ఎత్తకుండా సున్నంతో పెద్ద గుండ్రం గీశాడు, మధ్యలో ఇంగ్లీషు హెచ్ అక్షరం వేశాడు. సాయంత్రం జనరల్ మేనేజరు గారు వచ్చి హెచ్ చుట్టూ ఒకసారి నడిచి, చాలా చక్కగా ఉందని ఫైలు మీద సంతకం పెట్టారు. పక్కన షామియానా లేచింది. ఎర్ర తివాచీ వచ్చింది.

మర్నాడు పొద్దున ఏడింటికి కొమురెల్లి నీళ్లు చల్లడానికి పోయాడు. హెచ్ మీద మూడు సన్నటి నీడలు అడ్డంగా పడి ఉన్నాయి. తల ఎత్తి చూశాడు. వేపచెట్ల వెనకనుంచి గనికి గాలి పంపే ఫ్యాన్ హౌసుకు పోయే హైటెన్షన్ తీగలు వదులై వేలాడుతున్నాయి. జేబులోని నక్షా తీశాడు. అద్దాలు పెట్టుకున్నాడు. నక్షాలో తీగలు తూర్పున ఉన్నాయి, హెచ్ పడమట ఉంది. నిన్న అద్దాలు లేక కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

చేసింది చిన్న తప్పు కాదు. అయినా మనసులో ధైర్యంగానే ఉంది. చెప్పినవాడికి శిక్ష లేదు కదా! ఆఫీసుకు పోయి, ఫారం అడిగి, కూర్చుని రాశాడు. పెట్టెలో వేశాడు. అదే మొదటి ఫారం. అప్పుడే వచ్చిన లింగమూర్తి కొమురెల్లిని కావలించుకున్నంత పని చేశాడు.

"శభాష్ కొమురెల్లీ! ఖాళీ పెట్టె తెరిస్తే ఎట్లుంటదోనని రాత్రంతా నిద్ర లేదు నాకు."

"సారూ, జల్ది తెరువుండ్రి మరి. దాంట్ల..."

"అగో, అగో!" లింగమూర్తి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "నాకు చెప్పకు. గోప్యత! నేను వింటే పథకం ఫెయిలైతది."

"గది కాదు సారూ, ఎలికాప్టర్..."

"పెట్టెకు రిబ్బను కట్టినం. మంత్రిగారు తెరవాలె. పదకొండు గంటలకు."

"మంత్రి అందులనే వస్తుండు సారూ! దిగక ముందే చూడాలె!"

"దిగకుండ ఎట్ల తెరుస్తడయ్యా?" అన్నాడు లింగమూర్తి జాలిగా.

కొమురెల్లి జనరల్ మేనేజరు గారి గదికి పోయాడు. వారు స్పీచి చదువుకుంటున్నారు. ఈసారి ఒక్క గుక్కలో చెప్పేశాడు. "సారూ, హెచ్ తప్పు జాగల వేసిన. మీద కరెంటు తీగెలున్నయి."

వారు కాగితంలోంచి తలెత్తారు. "ఆ చోటును నిన్న ఎవరు అప్రూవ్ చేశారు?"

"మీరే సారూ."

"మరి నేను ఫారం నింపలేదే? నింపనప్పుడు తప్పు ఎట్లా జరిగింది?"

కొమురెల్లి బయటికొచ్చాడు. టైము పదింబావు. గ్రౌండులో స్కూలు పిల్లలు పూలతో వరుస కట్టి ఉన్నారు. హెచ్‌కు ఇవతల, తాళ్ల వెనక, కాలనీ ఆడవాళ్లు మంగళహారతి పళ్లేలతో నిలబడ్డారు. వాళ్లలో ముందు వరుసలో పసుపు చీరలో ఐలవ్వ ఉంది. భర్తను చూసి పళ్లెం కొంచెం పైకెత్తి నవ్వింది.

ఆ నవ్వు చూశాక కొమురెల్లి ఎవరినీ ఏమీ అడగలేదు. ఫైరింజను డ్రైవరు జహంగీర్ దగ్గరికి ఉరికాడు.

"జహంగీరూ, బండి పడమటి దిక్కుకు తీసుకపో. సున్నం సంచులు ఎక్కియ్యి. తడిగడ్డి గూడ."

"ఏమైందన్నా?"

కొమురెల్లి వేలు పైకి చూపించాడు. జహంగీర్ తీగలను చూశాడు, హెచ్‌ను చూశాడు, పిల్లలను చూశాడు. "యా అల్లా!" అని బండి స్టార్ట్ చేశాడు.

గాలి ఎటు వీస్తుందో పైలటుకు తెలియడానికి హెలిప్యాడ్ పక్కన పొగ పెట్టాలి. ఆ పొగ కొమురెల్లి డ్యూటీ. గ్రౌండు పడమటి చివర, నాలుగు సంచుల సున్నం చేతులతోనే పారబోసి, వంకరో టింకరో ఒక హెచ్ వేశాడు. గడ్డికి నిప్పంటించాడు. రామగుండం వైపునుంచి చప్పుడు వినిపించింది. హెలికాప్టరు ముందు షామియానా వైపే వంగింది. కొమురెల్లి తలపాగా విప్పి, పిచ్చివాడిలా ఊపుతూ, పొగలో గెంతాడు. దగ్గు ముంచుకొచ్చింది. హెలికాప్టరు ఒక్క క్షణం గాలిలో ఆగి, తిరిగి, పొగ దగ్గరికొచ్చి దిగింది.

తివాచీ తూర్పున ఉండిపోయింది. జనరల్ మేనేజరు గారు దండ పట్టుకుని, ఇద్దరు ఆఫీసర్లు తివాచీ చుట్టుకుని, సన్నాయి వాళ్లు వాయించుకుంటూనే, రెండు వందల గజాలు పరుగెత్తారు. మంత్రిగారు అంతమంది తన కోసం పరుగెత్తడం చూసి చాలా సంతోషించారు.

అందరూ అటు పోయాక పైలట్ కిందికి దిగి తూర్పు వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

"అక్కడ తీగలున్నాయా? ఎండ కళ్లలో పడి నాకు కనిపించలేదు."

"మీరొక కాయితం రాయుండ్రి సార్," అన్నాడు కొమురెల్లి ప్రేమగా. "మీ విమానాల కాడ రాస్తే శిక్ష లేదట గద."

"ఎవరు చెప్పారు?"

"మా పెద్దసారు."

పైలట్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "వచ్చే నెల నా లైసెన్సు రెన్యువల్ ఉంది. నువ్వు ఏమీ చూడలేదు. నేనూ చూడలేదు." కొమురెల్లి చేతిని గట్టిగా నొక్కి, పోయి సీట్లో కూర్చున్నాడు.

పదకొండున్నరకు మంత్రిగారు రిబ్బను కత్తిరించి, పెట్టె తెరిచి, ఒకే ఒక్క ఫారం తీసి, మైకులో చదివారు. "అయ్యా, నేను నక్షా తలకిందులు పట్టుకొని హెచ్ గుర్తు కరెంటు తీగెల కింద వేసిన. దయచేసి అక్కడ దిగవద్దు. ఇట్లు, కొమురెల్లి, జనరల్ మజ్దూరు."

జనరల్ మేనేజరు గారు మైకు అందుకుని, "కార్మికుడి పేరును గోప్యంగా ఉంచుతాం," అని ప్రకటించారు. చప్పట్లు.

మంత్రిగారు తీగల వైపు చాలాసేపు చూశారు. తర్వాత మైకు తిరిగి అందుకున్నారు. "చూశారా! ఈ పెట్టె లేకపోతే నేనీ రోజు మీ ముందు ఉండేవాణ్ణి కాదు!" ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. హారతి పళ్లెం పట్టుకునే ఐలవ్వ కూడా కొట్టబోయింది.

తివాచీ ఎందుకు మోయాల్సి వచ్చిందో తేల్చడానికి విచారణ కమిటీ వేశారు. పది రోజుల్లో నివేదిక వచ్చింది. హెచ్ తప్పు చోట వేయడం మానవ పొరపాటు. తనే చెప్పుకున్నాడు కనుక శిక్ష లేదు, ప్రశంసాపత్రం ఇవ్వాలి. ఫైరింజనుకు రివర్స్ గేరు పొరపాటున పడిందని డ్రైవరు జహంగీర్ అదే సాయంత్రం రాసిచ్చాడు. అతనికీ శిక్ష లేదు. ఇక ఆమోదం లేని చోట పొగ పెట్టడం పొరపాటు కాదు, తెలిసి చేసినది. పథకం పొరపాట్లకే వర్తిస్తుంది. కనుక కొమురెల్లి సస్పెన్షన్.

ప్రశంసాపత్రం ఆఫీసులో తీసుకోవాలి. సస్పెండైనవాడిని గేటు లోపలికి రానివ్వరు. లింగమూర్తే ఇంటికొచ్చాడు. ఐలవ్వ వేసిన కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, అసలు మాట చెప్పాడు.

"పొగ పొరపాటున పెట్టిన అని రాయి, కొమురెల్లీ. జహంగీర్ రాయలేదా? ఒక్క ముక్క. అంతా సాఫైపోతది."

"పొరపాటున కాదు సారూ. చూసే పెట్టిన."

"నీ మంచికే చెప్తున్న."

"నేను అబద్ధం రాస్తే, ఇగ ఆ పెట్టె దేనికి సారూ?"

లింగమూర్తి ఖాళీ కప్పు కింద పెట్టాడు. ఏమనాలో సెమినార్ నోట్సులో లేదు. ఫారం మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు.

మూడు వారాలు గడిచాయి. డ్యూటీ లేక కొమురెల్లి వాకిట్లో కూర్చుంటే, షిఫ్టుకు పోయేవాళ్లు తలవంచుకుని పోతున్నారు. ఇరవై మూడో రోజు అతను అద్దాలు పెట్టుకుని, కాగితాన్ని రెండుసార్లు తిప్పి సరిచూసుకుని రాశాడు: "ఆ దినం నేను పొరపాటున పనికొచ్చే పని చేసిన."

ఆఫీసులో దాన్ని ఎవరూ రెండోసారి చదవలేదు. పొరపాటు అన్న మాట ఉంది, సంతకం ఉంది. నాలుగో రోజు ఉత్తర్వు వచ్చింది. కార్మికుడు తన పొరపాటును నిజాయితీగా ఒప్పుకున్నందున క్షమించి డ్యూటీలోకి తీసుకుంటున్నామని, ఇటువంటిది మళ్లీ జరగకుండా చూసుకోవాలని హెచ్చరిస్తున్నామని అందులో ఉంది.

ఐలవ్వ టిఫిను కడుతూ అడిగింది. "ఏం రాసిన్రు?"

"మాఫ్ చేసిన్రు."

"దేనికి?"

కొమురెల్లి ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎవ్వలు సావనందుకు."