వీరబ్రహ్మం లావు అక్షరాలు

తెల్లారేసరికి రావులపాలెం సెంటరు నిండా పోస్టర్లు అంటించి, మొదటి బస్సులో వెళ్లేవాళ్ల చేత అవి చదివించి తీరాలని వీరబ్రహ్మం పట్టుబట్టాడు. కంప్యూటర్లు అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్న రోజులు. ఆ పోస్టర్ల మీదవి, ఆ వేసవంతా కూర్చుని తన ప్రెస్సు కోసం టేకు చెక్కలో అతను సొంతంగా చెక్కుకున్న అక్షరాలు. గీతలు అరటి బోదెల్లా లావు, మలుపుల దగ్గర సన్నం. ఇంగ్లీషు పెద్దక్షరాలకున్నట్టు ప్రతి గీత కొసనా ఓ చిన్న పాదం.

"పాదం ఉంటే అక్షరం నిలబడుతుందండి. పరిగెత్తే బస్సులోంచైనా చదవొచ్చు," అనేవాడు.

ఆ అక్షరాలకు మొదటి బేరం సూర్యకళ. ఆత్రేయపురం ఆడపడుచు, అరటికాయల వ్యాపారి భార్య. గురువారం సెంటర్లో పూతరేకుల కొట్టు తెరుస్తోంది. తన ఫొటో వెయ్యమంది, ఎర్ర రంగు అడిగింది.

"ఈ అక్షరానికి నలుపే అందమండి," అని వీరబ్రహ్మం కదల్లేదు.

ఫొటో, దాని కింద 'శ్రీమతి సూర్యకళ', 'గురువారం అందరూ రాప్రార్థన', చుట్టూ మందపాటి నల్ల గీత. వీటితోనే కాగితం నిండిపోయింది. కొట్టు ప్రారంభం సంగతి అడుగున చీమ తలంత అక్షరాల్లో సర్దాడు.

మంగళవారం పొద్దున్నే అరటి వర్తకుల సంఘం అధ్యక్షుడు గంగయ్య ప్రెస్సులోకి పరిగెత్తుకొచ్చాడు.

"సూర్యకళగారు పోయారంటండి!"

"నిన్న సాయంత్రం ఇక్కడే నవ్వుతూ కూర్చున్నారు కదండీ!"

"అదేనండి మనిషి బతుకు. సెంటరంతా పోస్టర్లే. బస్సులోంచి చూసి దిగిపోయాను. మార్కెట్టు మూయించేశాను. మా సంఘం తరఫున కూడా ఒకటి వెయ్యండి."

వీరబ్రహ్మం కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే గుండెలో ముల్లు గుచ్చుకుంది. రాత్రికి రాత్రే ఆ పోస్టరు వేసిన ప్రెస్సు ఏదై ఉంటుంది? ఎవరిదైనా సరే, దాన్ని తలదన్నేలా ఉండాలని 'కన్నీటి నివాళి' తన లావు అక్షరాల్లోనే పేర్చాడు. తడి కాగితాలు తీగ మీద ఆరేస్తుంటే, వాటిని తప్పించుకుంటూ సూర్యకళ లోపలికొచ్చింది.

వీరబ్రహ్మం చేతిలోని సిరా రోలరు కాలి మీద పడింది.

"మీరు... ఉన్నారా అండి?"

"ఉన్నాను కాబట్టే అడగడానికొచ్చాను. ఇంటి ముందు జనం దండలతో నిలబడ్డారు. మా ఆయన మార్కెట్టు నుంచి ఏడుస్తూ వచ్చి, నన్ను చూసి కళ్లు తిరిగి పడిపోయారు. ఏంటండీ ఇది? అడుగు లైను ఎవరూ చదవలేదా?"

"బస్సు ఆగితే చదువుతారండి," అన్నాడు గొణుగుతూ.

సూర్యకళ తిట్టడానికి నోరు తెరిచి, ఆగింది. మార్కెట్టు మూసుంది. జనం ఖాళీగా ఉన్నారు. పైగా తన కోసమే వచ్చారు.

"గురువారం దాకా ఎందుకు? ఇప్పుడే తెరిచేస్తాను."

ఇంటి ముందున్న జనాన్ని వెంటబెట్టుకుని నేరుగా కొట్టుకి నడిచింది. తనకని తెచ్చిన దండలన్నీ గుమ్మానికి కట్టించింది. మొదటి పొట్లం గంగయ్య తల వంచుకుని కొన్నాడు. ఏడవడానికొచ్చినవాళ్లు బతికున్న మనిషి ఎదురుగా వట్టి చేతుల్తో ఎలా వెళ్తారు? మధ్యాహ్నానికి పళ్లేలన్నీ ఖాళీ.

సాయంత్రం ఆవిడ మళ్లీ ప్రెస్సుకొచ్చింది.

"రాజమండ్రిలో ఇంకో కొట్టు పెడదామనుకుంటున్నానండి. ఇవే అక్షరాలు వెయ్యండి."

"ఈసారి ఎరుపులో వేస్తానండి."

"వద్దు. నలుపే. ఫొటో ఇంకాస్త పెద్దది చెయ్యండి."

ఆ తర్వాత ఊళ్లో నిజంగా ఎవరు పోయినా, వాళ్లవాళ్లు పోస్టర్లు పక్క ఊళ్లో వేయించుకున్నారు.